'కో'తో మొదలయ్యే మాట

బస్సు స్టీరింగు వదిలిన రెండో ఏడు
నా చేతికి ఒక కర్ర ఇచ్చారు.
నూటపది సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత.
గీత దాటిన తల లోపలికి,
దాటని తల పక్కకి.
సెందాయ్ ఊరి చివర, మేఘాల రైలు వాకిట్లో
ఇదీ నా కొలువు.

క్యూకి ఏడు మడతలు.
ప్రతి మడతా ఒకసారి నా ముందుకొచ్చి
మళ్ళీ దూరంగా తిరుగుతుంది.
అందుకే ఎవరి కథా నాకు పూర్తిగా వినపడదు,
ఏడు ముక్కలు దొరుకుతాయి, అంతే.

ఆగస్టు. కీచురాళ్ళు ఎండని రంపంతో కోస్తున్నాయి.
మొదటి మడతలో వాళ్ళిద్దరూ:
చొక్కా ఇస్త్రీ చేయడం ఈమధ్యే నేర్చుకున్నట్టున్న నాన్న,
ఐదేళ్ళ మినోరి,
ఫోనులో ఈదుతున్న చేపలు.

రెండో మడతకి ఫోను చచ్చింది.
చేపలూ దాంతోపాటే.

మూడో మడతలో సంచి ఖాళీ.
అన్నం ముద్దలు, ఎండుద్రాక్ష,
చేతిరుమాలుతో చేసిన కుందేలు.
కుందేలు చెవి ఊడి మళ్ళీ రుమాలైంది.
"నాకు కాళ్ళు లేవు" అని ప్రకటించి
పిల్ల నేల మీద కూర్చుండిపోయింది.
వెనకాల యాభైమంది వంగి చూశారు, నిజంగానే లేవేమోనని.

నాన్న గొంతు సవరించుకున్నాడు.
మాటలు అప్పు తెచ్చుకునే రకం మనిషి, చూస్తేనే తెలుస్తుంది.
"రింగో" అన్నాడు. ఆపిల్ పండు.
పిల్ల తల ఎత్తింది.
"గోమా." నువ్వులు.
"మాకురా." దిండు.
"రక్కో." నీళ్ళకుక్క.
కాళ్ళు ఎక్కణ్ణుంచో తిరిగొచ్చాయి. లేచి నిలబడింది.

చివరి అక్షరం పట్టుకుని తర్వాతి మాట చెప్పాలి.
'న్'తో ముగించినవాళ్ళు ఓడినట్టు,
మా భాషలో 'న్'తో ఏ మాటా మొదలవదు మరి.
నేనూ ఆడాను, నా కొడుకుతో, ఎర్రదీపాల దగ్గర.
దీపం పచ్చబడగానే ఆపేసేవాణ్ణి.
ఎన్ని మాటలు ఆ కూడళ్ళలో ఉండిపోయాయో.

ఆరో మడత.
"కొఆలా" అన్నాడు నాన్న.
"రైయోన్!" పిల్ల గర్జించింది. సింహం.
క్యూ అంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది.
'న్.'
"ఓడిపోయావమ్మా."
"సింహం ఎలా ఓడిపోతుంది?"

జవాబు లేదు నాన్న దగ్గర.
నా దగ్గరా లేదు.
వెనక ఊదారంగు గొడుగు కింద ముసలావిడ
విసనకర్ర ఆపి, నింపాదిగా అంది:
"రైయోన్ నో కో."
సింహం కూన.
'కో'! ఆట బతికింది.
ఎవరో చప్పట్లు కొట్టారు.
సరిగ్గా అప్పుడే గొలుసు తీశారు, జనం కదిలారు,
పిల్ల నా కర్ర కింద నిలబడింది.

నూట ఎనిమిది.

మడమలెత్తింది. చూడనట్టు నటించాను.
మెడ సాగదీసింది.
జుట్టు ముడి గీతని తాకింది, కానీ ముడిని లెక్కపెట్టం.
డెబ్భై నిమిషాలు, ఏడు మడతలు,
రెండు వేళ్ళ వెడల్పు.
నాన్న నా వంక చూశాడు,
ఆఖరి బస్సు తలుపు మూసుకున్నాక
బయట నిలబడ్డవాడు డ్రైవరు వంక చూసినట్టు.
ఆ చూపు నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.
అయినా తలుపు తీయలేదు.

ఏడుస్తుందనుకున్నాను.
ఎర్ర గీతని వేలితో ఒకసారి రుద్ది చూసింది, చెరగలేదు.
తర్వాత నా చొక్కా అంచు పట్టుకుని
"తాతా, నీ వంతు" అంది.
"'కో'తో."

నోట్లో ఉన్న ఒకే ఒక్క మాట బయటికొచ్చింది:
"కొన్దో."
ఈసారి కాదు, వచ్చేసారి.
పిల్ల కళ్ళు మూసుకుని
'దో'ని నాలుక మీద అటూ ఇటూ దొర్లించింది.
"దోయోబి!"
శనివారం.
నాన్న నవ్వాడు, క్యూలో మొదటిసారి.
పక్కదారిన వెళ్ళిపోయారు, నిమ్మకాయ ఐసు వైపు.

ఇప్పుడు వంతు నాది. 'బి'తో.
ఇంటికెళ్ళే రైల్లో మొదట తట్టింది "బిన్", సీసా.
నాలిక కరుచుకున్నాను.
అది చెబితే ఓడిపోతాను.
శనివారానికింకా నాలుగు రోజులుంది.